వేలెడంత కోత

మా చిన్నత్త పోయింది. అన్న ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి చెప్పాడు. నేను అప్పుడే గోరిమేడులో మా ఇంటికి వచ్చి, స్నానం చేసి, ఆమె కోసం ఒక మెత్తటి నూలు చీర సంచిలో సర్దుతున్నాను. "చెల్లీ, అత్త లేదు. గుండె నిలిచిపొయ్యింది" అన్నాడు. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు కోపం వచ్చింది. గుండె నిలిచిపోకుండా ఎవరైనా పోతారా? అది చావు పేరు గానీ జబ్బు పేరా? అన్న ఆ మాటే అందరికీ ఫోన్ చేసి చెప్పుకుంటూ పోయాడు.

సాయంత్రానికల్లా అత్త వాళ్లుండే రెడ్డియార్‌పాళయం గోడల మీద ఆమె ఫొటోతో కన్నీటి అంజలి పోస్టర్లు అతికించేశారు. పుదుచ్చేరిలో అది మామూలే. ఆ పోస్టర్లలో తమిళంలో ఎప్పుడూ ఒక మాట వేస్తారు, సహజంగా ప్రకృతిలో కలిసిపోయారని దాని అర్థం. ఎవరు ఎట్లా పోయినా ఆ మాటే. అత్త బొమ్మ కింద అది చదివేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. సహజమట! వేలెడంత కోత లోంచి పేగు బయటికొచ్చి, ఇరుక్కుని, నల్లబడి, దాంతో చచ్చిపోయిన మనిషిది సహజమైన చావట!

అందుకే ఇది రాస్తున్నాను. తెలుగులోనే రాస్తున్నాను. మా వాళ్లు తరతరాలుగా ఈ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ అక్షరాలు ఎవరికీ రావు. మా నాన్నకు ఉద్యోగం యానాంలో పడింది కాబట్టి నేను అక్కడ బడికి పోయి నేర్చుకున్నాను, అన్న ఇక్కడే తమిళ బడిలో ఉండిపోయాడు. మా ఇంట్లో ఇది చదవగలిగింది నేనొక్కదాన్నే. అత్త కూడా చదవలేదు. బతికున్నప్పుడు ఆమె గురించి ఏం రాసినా "ఏంది, కోడి గీకినట్టు?" అనేది. చదివేవాళ్లకు మా ఇంటి రచ్చ ఎందుకంటారేమో, ఇట్లాంటి రచ్చ మీ ఇంట్లోనూ జరగొచ్చు, వినండి.

అత్త ఇడ్లీ పిండి రుబ్బి అమ్మేది. మామ పనిచేసిన మిల్లు మూతపడినప్పుడు మొదలుపెట్టింది, మళ్లీ ఆపలేదు. వీధి గదిలో రెండు గ్రైండర్లు, మూలన నానబెట్టిన మినప్పప్పు బకెట్లు, గోడకు దేవుడి పటం, దాని పక్కనే కరెంటు మీటరు. తెల్లవారిన దగ్గర్నుంచి ఆ గది గిర్రుమంటూనే ఉండేది. పిండికి వచ్చేవాళ్లు గిన్నె తెచ్చుకోవాలి. ఎవరైనా ప్లాస్టిక్ కవరు చాపితే, "ఇది చెత్తా, పిండా? పో, గిన్నె ఎత్తుకోని రాపో" అని తరిమేది. పెద్ద ఉద్యోగం చేసేవాళ్లనైనా సరే. వాళ్లు నవ్వుకుంటూ పోయి గిన్నె తెచ్చుకునేవాళ్లు. తిట్టినవాళ్లకే ఒక గరిటె ఎక్కువ వేసేది.

పిండి తపేలాను ఆమె ఎత్తే తీరు నాకు కళ్లకు కట్టినట్టుంది. వంగి, రెండు చేతులా అంచు పట్టుకుని, కడుపుకు ఆనించుకుని, "హుం" అని ఒక్క ఊపులో లేపేది. చిన్న మనిషి, బొద్దుగా ఉండేది. తపేలా ఆమె సగం ఒంటిని కప్పేసేది. మామ పక్కనే కుర్చీలో కూర్చుని టీవీ చూస్తుండేవాడు. మామ మంచివాడు. మంచివాడంటే, దేనికీ అడ్డం రాడు, దేనికీ చెయ్యీ వెయ్యడు.

పిల్లలు లేరు ఆమెకు. మా ఆయన పోయినప్పుడు నన్ను చూడటానికి వచ్చినవాళ్లందరూ నా పక్కన కూర్చుని ఏడ్చి, కాఫీ తాగి, వెళ్లిపోయారు. అత్త ఏడవలేదు. కర్మ అయిన మర్నాడు ఆటో పిలిచి నన్ను తన ఇంటికి తీసుకుపోయింది. నా ముందు ఒక బేసిన్ నిండా మినప్పప్పు పెట్టి, "పొట్టు తియ్యి పాపా. ఏడ్చేదుంటే ఏడువు, చెయ్యి ఆడిస్తా ఏడువు" అంది. ఎన్నాళ్లు ఆ నీళ్లలో పొట్టు తేల్చానో నాకే తెలియదు. ఒక పొద్దున గ్రైండరు బెల్టు తెగి పిండి ఆమె ముఖం మీద చిందితే నేను పగలబడి నవ్వాను. ముఖం తుడుచుకోకుండానే నా వైపు చూసి, "సెరి, ఇంక నువ్వు ఇంటికి పోవచ్చు" అంది. నేను ఈ రోజు ఉద్యోగం చేసుకుంటూ, నా అన్నం నేను తింటూ ఉన్నానంటే ఆమె వల్లే. ఆ ఋణం గురించి ఎక్కువ చెప్పను, చెప్తే ఆమెకు నచ్చదు.

ఇక రాళ్ల సంగతి. అత్త పిత్తాశయంలో రాళ్లు చేరాయి. నొప్పి వస్తే గోడకు వీపు ఆనించి కూర్చుని పళ్లు బిగించేది. డాక్టరు కడుపు కోయకుండా చిన్న చిల్లుల్లోంచి గొట్టాలు దూర్చి తీసేస్తామన్నాడు. తాళంచెవి పట్టేంత చిల్లులేనన్నాడు. ఆ మాట మా ఇంట్లో అందరికీ తెగ నచ్చింది. ఆపరేషన్ బాగా జరిగింది, రాళ్ల నొప్పి మళ్లీ రాలేదు, ఆ మాట నిజం. మర్నాడే నడుచుకుంటూ ఇంటికొచ్చింది. పైన మూడు చోట్ల చీమ కుట్టినంత గుర్తులు, బొడ్డు దగ్గర మాత్రం వేలెడంత కోత. అక్కడి నుంచే రాళ్లతో సహా పిత్తాశయం సంచిని బయటికి లాగారట. పంపించేటప్పుడు డాక్టరు బరువులు ఎత్తొద్దని, దగ్గు వస్తే చేత్తో అదిమి పట్టుకోమని చెప్పాడు. మేమందరం తలలూపాం.

మా వాళ్లలో ఎవరికైనా ఆపరేషన్ అయితే ఒక మర్యాద ఉంది. బంధువులందరూ హార్లిక్స్ సీసా, బత్తాయిలు పట్టుకుని చూడటానికి రావాలి. ఇంటి ఆడవాళ్లు పాత పంచెను మెత్తగా ఉతికి నడుముకు బిగించి కట్టాలి. మంచం దిగనివ్వకూడదు. మా వదినకు గర్భసంచి తీసినప్పుడు అంతా అట్లాగే జరిగింది. పొద్దున గ్రైండరు పని ముగించుకుని మిరియాల రసం కాచుకుని పోయేది అత్తే, పంచె కట్టేదీ అత్తే, వదిన తల దువ్వేదీ అత్తే. వచ్చినవాళ్లందరికీ వదిన చీర కొంచెం తప్పించి కోత చూపించేది, వాళ్లు "అమ్మా!" అని నోటి మీద చెయ్యి పెట్టుకునేవాళ్లు. ఆ కోత జానెడు పైనే ఉండేది.

అత్తను చూడటానికి ఎవరూ రాలేదు. ఎందుకు వస్తారు? చూసేదానికి ఏముంది? వదిన ఫోన్లోనే అడిగింది, "ఎట్లుండాదత్తా? సుమ్మా చిన్న చిల్లే గదా, అదేం ఆపరేషన్ లే" అని. సుమ్మా అంటే మా ఊరి తమిళంలో ఊరికే అని. అత్త కూడా నవ్వి, "అవునమ్మా, దోమ కుట్టినట్టుండాది" అంది. మా ఇంట్లో విశ్రాంతిని కోత పొడవును బట్టి కొలుస్తారు. పైకి కనిపించేదే దెబ్బ, కనిపించకపోతే అది సోమరితనం. ఈ లెక్క ఎవరు పెట్టారో తెలియదు గానీ అందరికీ ఒప్పుదలే, అత్తకు అందరికన్నా ఎక్కువ ఒప్పుదల. కుట్లు ఆరకముందే తపేలా ఎత్తింది. బొడ్డు దగ్గర చీము పడితే పసుపు అద్దింది. నేను అరిస్తే, "పిండి దానంతట అదే నడిచి పోతాదా పాపా గిన్నెలోకి?" అంది. మామ టీవీ శబ్దం పెంచాడు.

కొన్ని నెలలకు బొడ్డు పక్కన నిమ్మకాయంత ఉబ్బు కనిపించింది. నిలబడితే వచ్చేది, పడుకుంటే పోయేది. దగ్గితే గట్టిపడేది. అది జబ్బని అత్త అనుకోలేదు. పసిపిల్లలకు బొడ్డు ఉబ్బితే మా వాళ్లు రాగి కాసు పెట్టి గుడ్డతో కడతారు. అత్త తనకూ అట్లాగే కట్టుకుంది. పాత రాగి కాసు ఒకటి బొడ్డు మీద పెట్టి, మామ పాత పంచె చింపి చుట్టుకుంది. పనిలోకి దిగేముందు మంచం మీద వెల్లకిలా పడుకుని, బొటనవేలితో ఆ ఉబ్బును లోపలికి నొక్కుకుని, కాసు పెట్టి, కట్టు బిగించి, లేచేది. ఒకసారి నేను చూస్తుండగానే చేసింది. "చెప్పిన మాట ఇంటాది పాపా ఇది. పో అంటే పోతాది. మీ మామకన్నా మేలు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మర్నాడు సెలవు పెట్టి ఆస్పత్రికి లాక్కుపోయాను.

ఆ డాక్టరు కుర్రవాడే గానీ ఓపిక ఉన్నవాడు. ఆయన తమిళంలో చెప్పింది నేను ఇక్కడ తెలుగులో చెప్తున్నాను. కడుపు గోడలో చర్మం కింద గట్టి పొర ఒకటుంటుంది. చర్మం తొందరగా అతుక్కుంటుంది, ఆ పొరకు చాలా నెలలు కావాలి. అది సరిగ్గా అతుక్కోకపోతే సందు మిగిలిపోయి, లోపలి కొవ్వో పేగో అందులోంచి తోసుకొస్తుంది. దాన్ని హెర్నియా అంటారు. తాళంచెవి చిల్లు ఆపరేషన్ తర్వాత ఇది అందరికీ రాదు, కొద్దిమందికే వస్తుంది. షుగరు ఉన్నవాళ్లకు, ఒళ్లున్నవాళ్లకు, పుండు చీము పట్టినవాళ్లకు, తొందరపడి బరువులెత్తినవాళ్లకు ఆ భయం ఎక్కువ. అత్తకు ఈ నాలుగూ ఉన్నాయి.

"చిన్న సందే గదా సార్, దానికి మళ్లీ ఆపరేషన్ ఎందుకు?" అని అడిగింది అత్త.

"అమ్మా, పెద్ద సందైతే పేగు వస్తుంది, పోతుంది. చిన్న సందులోనే ఇరుక్కుపోతుంది. ఇరుక్కుంటే దానికి రక్తం అందదు. అప్పుడు గంటలే, రోజులు ఉండవు" అన్నాడాయన. ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడినా, నొప్పి పెట్టినా, వాంతులైనా, ఆ క్షణమే రమ్మన్నాడు. లోపల వల లాంటిది పెట్టి కుట్టేస్తామన్నాడు. తేదీ ఇచ్చాడు. అత్త మొదటిసారి భయపడింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా చెయ్యి పట్టుకుని, "చేయించేసుకుంటా పాపా. నాకు ఇంకా కొన్నాళ్లు ఉండాలని ఉండాది" అంది. ఆ మాట ఆమె నోటి నుంచి నేను అంతకుముందు వినలేదు.

అంతలో అన్న కూతురి పెళ్లి కుదిరింది. మగపెళ్లివాళ్లకు తొందర. ముహూర్తం దగ్గర్లోనే పెట్టారు, పందిరి రాట వేయడానికి ఇంకా ముందే మంచి రోజు దొరికింది. రాటకూ పెళ్లికీ మధ్యలో పడింది అత్త ఆపరేషన్ తేదీ. రాటను మా వాళ్లు తమిళంలో లాగా పందక్కాలు అంటారు. అది నాటినాక ఇంటివాళ్లెవరూ ఊరి పొలిమేర దాటకూడదు, ఒంటి మీద కత్తి పడకూడదు, రక్తం చూడకూడదు. ఇది మా ఇంటి కట్టడి. దీన్ని ఎవరైనా మరిచిపోతే గుర్తు చేసేది ఇన్నాళ్లూ అత్తే.

ఇంకొకటుంది, అరివేణి కుండలు. పెళ్లికి ముందురోజు కుమ్మరి ఇంటి నుంచి సున్నం, ఎర్రమన్ను పూసిన కుండలు మేళతాళాలతో తేవాలి. అందులో పెద్ద కుండను నీళ్లతో నింపి, ఆ ఇంటి ఆడబిడ్డ, ముత్తైదువ, నెత్తిన పెట్టుకుని మోసుకురావాలి. ఊళ్లో మిగతావాళ్లు మమ్మల్ని చూసి వీళ్లు తెలుగోళ్లని గుర్తుపట్టేది ఆ ఒక్క రోజే. అక్షరాలు పోయాయి, సగం మాటలు పోయాయి, కుండలు మాత్రం మిగిలాయని మా నాన్న అనేవాడు. ఇప్పుడు కుమ్మరి ఎక్కడున్నాడు? విల్లియనూరులో కుండలు కొని, మినీ లారీలో తెచ్చి, వీధి మొదట్లో ఒక తెలిసినవాళ్ల వాకిట్లో దించి, దాన్నే కుమ్మరి ఇల్లు అనుకుంటాం. ఆ సర్దుబాటుకు ఎవరికీ అభ్యంతరం లేదు. లారీలో రావొచ్చు కుండ. లారీలోనే ఇంటి దాకా మాత్రం రాకూడదు.

అన్న, వదిన అత్త ఇంటికి వచ్చారు. నేను అక్కడే ఉన్నాను.

"ఆపరేషన్ ఒద్దని ఎవురన్నారత్తా? పెళ్లి కానీ. మర్నాడే నేనే కార్లో తోడుకోని పోతా" అన్నాడు అన్న. "పందక్కాలు నాటినాక ఇంటి ఆడబిడ్డ పోయి కత్తి కింద పడుకుంటే ఎట్లా? రేపు పిల్లకి ఏమన్నా ఐతే?"

"అత్తకి ఏమన్నా ఐతే?" అన్నాను నేను.

"నువ్వు సుమ్మా ఉండు. శుభం జరిగేటప్పుడు నీ నోట్లోంచి ఆ మాటలేంది?" అంది వదిన. నీ నోట్లోంచి అన్న మాటను ఆమె ఎట్లా పలికిందో రాయడానికి నాకు అక్షరాలు చాలవు. మొగుడు పోయినదాని నోరు కదా.

"సరే, ఆపరేషన్ తర్వాతే కానీ. కుండ నేను మోస్తాను. నేనూ ఈ ఇంటి ఆడబిడ్డనే. నాకే జబ్బూ లేదు" అన్నాను.

అన్న నేల చూశాడు. వదిన అత్త వైపు చూసింది. అత్త ఏదో ఒకటి అని వాళ్ల నోరు మూయిస్తుందని నేను అనుకున్నాను. నా చేత పప్పు పొట్టు తీయించిన మనిషి, నన్ను నలుగురిలో తలెత్తుకుని తిరిగేలా చేసిన మనిషి.

"నువ్వు మోయకూడదు పాపా" అంది అత్త.

"ఎందుకు?"

"నీ ఒంట్లో బలముండాది, నాకు తెలీదా? బలం సంగతి కాదు గదా ఇది." నా ముఖం చూడకుండా చెప్పింది. తర్వాత అన్నతో, "నేనే మోస్తాలే. ఎన్ని పెళ్లిళ్లకు మొయ్యలేదు? కట్టు గట్టిగా కట్టుకుంటా" అంది.

ఈ రోజు ఆమె మంచిని తలచుకోవాలని కూర్చున్నాను గానీ, ఈ ఒక్క చోట ఆమె మీద నా కోపం చల్లారదు. అన్న మీద కాదు, వదిన మీద కాదు, ఆమె మీదే. నన్ను ఒక మనిషిగా నిలబెట్టిన నోటితోనే ఆ మాటా అంది. రెండూ మనస్ఫూర్తిగానే అంది. నాకు అర్థం కాదు, కావాలని కూడా లేదు. ఆస్పత్రికి నేనే ఫోన్ చేసి తేదీ వాయిదా వేయించాను, ఇంకెవరికీ ఆ నంబరు కూడా తెలియదు కాబట్టి. "జాగ్రత్తమ్మా, బరువు మాత్రం ఎత్తనివ్వకండి" అన్నారు అటువైపు నుంచి.

కుండలు తెచ్చే రోజు మేళం ముందు నడిచింది. ముత్తైదువలు మధ్యలో, మగవాళ్లు పక్కన. నేను వెనకాల, చెప్పుల దగ్గర. అత్త పట్టుచీర కట్టుకుంది, కట్టు వల్ల నడుము బిర్రుగా ఉంది. కూర్చుంటే ఇద్దరు కుండ లేపి ఆమె నెత్తిన చుట్టకుదురు మీద పెట్టారు. లేచేటప్పుడు "హుం" అనింది, నాకు వెనక దాకా వినిపించింది. ఇంటి గడప దాకా మోసింది. వదిన హారతి ఇచ్చింది. కుండ దించినాక అత్త గోడ పట్టుకుని నిలబడిపోయింది. ముఖం సున్నం రంగులో ఉంది. ఎవరో సోడా ఇచ్చారు. అందరూ ఫొటోలు తీసుకున్నారు, ఆ ఫొటోల్లో ఆమె నవ్వుతోంది కూడా.

నేను దగ్గరికి పోయి అడిగితే, "ఎండ పాపా" అంది. కాసేపు పడుకుంటానని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున కల్యాణ మండపంలో, చేతులు కడుక్కునే చోట ఆమె వాంతి చేసుకోవడం చూశాను. పచ్చగా ఉంది. "పిత్తం" అంది. పిత్తాశయమే లేని మనిషికి పిత్తమట! పెళ్లికూతురి గదిలోకి లాక్కుపోయి, తలుపు వేసి, చీర తప్పించి చూశాను. ఉబ్బు రాయిలా ఉంది. పైన చర్మం ఎర్రగా కందిపోయింది. నా వేలు తగిలితే చాలు, ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నిన్నట్నుంచి లోపలికి పోలేదు పాపా" అంది మెల్లగా. "ఎంత చెప్పినా ఇనలా."

బయటికొచ్చి అన్నను పట్టుకున్నాను. కారు తియ్యమన్నాను. అన్న నుదుటి చెమట తుడుచుకుంటూ, మండపంలో కూర్చున్న మగపెళ్లివాళ్ల వైపు చూస్తూ, "తాళి పడనీ చెల్లీ, కొంచెం సేపే గదా. మధ్యలో ఆస్పత్రి అంటే వాళ్లేమనుకుంటారు?" అన్నాడు. ఆటో పిలవడానికి నేను మెట్లు దిగుతుంటే అత్తే వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. "పెళ్లి పరాయోళ్ల బిడ్డకి కాదు పాపా, నా అన్న మనవరాలికి. తాళి కట్టేది చూసి వస్తా. నన్ను అందరి ముందర లాగబాకు" అంది. ఆ పట్టు విడిపించుకుని ఆమెను ఎత్తుకుపోవడానికి నాకు బలం ఉంది. బలం సంగతి కాదు గదా ఇది.

తాళి పడింది. అక్షింతలు వేసింది అత్త. ఆ తర్వాత నిలబడలేకపోయింది.

ఆస్పత్రిలో వెంటనే లోపలికి తీసుకుపోయారు. ఈసారి తాళంచెవి చిల్లు కాదు, కడుపు పై నుంచి కింది దాకా కోశారు. ఇరుక్కున్న పేగు నల్లబడిపోయిందని, ఆ ముక్క కోసి తీసేశామని, విషం అప్పటికే ఒళ్లంతా పాకిందని చెప్పాడు ఆ కుర్ర డాక్టరు. గద్దించలేదు, ఎందుకు ఆలస్యమైందని ఒక్కసారే అడిగాడు. అన్న నా వైపు చూశాడు. నేను అన్న వైపు చూశాను. పెళ్లి అని చెప్పాడు అన్న.

అప్పుడు వచ్చారు బంధువులందరూ. హార్లిక్స్ సీసాలు, బత్తాయిలు, ఆపిల్ పళ్లు. కొత్త పెళ్లికొడుకు కూడా వచ్చాడు. ఐసీయూ బయట బెంచీల మీద చోటు లేదు. "కడుపంతా కోసినారంట" అని ఒకరికొకరు చెప్పుకుని నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. వదిన నా పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. "ఇంత పెద్దది అవుతాదని ఎవురికి తెలుసు?" అంది. ఆమె ఏడుపు దొంగ ఏడుపు కాదు, అది నాకు తెలుసు. అదే నాకు మరింత మంట. ఎవరూ ఆమెను చంపాలనుకోలేదు. అందరూ ఆమెను ప్రేమించినవాళ్లే.

మధ్యలో ఒకసారి తెలివి వచ్చింది. నోట్లో గొట్టం ఉంది కాబట్టి మాట్లాడలేకపోయింది. నేను చెయ్యి పట్టుకుంటే నా వేళ్లను పప్పు నలిపినట్టు నలిపింది, కళ్లు మూసుకుంది. తర్వాత చీర తెద్దామని నేను ఇంటికి వచ్చాను. ఆ మధ్యలో పోయింది.

ఆమెను రెడ్డియార్‌పాళయం తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. ముత్తైదువగా పోయిందని, పుణ్యాత్మురాలని, అందరికీ దొరకదు ఇట్లాంటి చావు అని, ఆడవాళ్లు ఆమె నుదుటి కుంకుమ తీసి తమ నుదుట పెట్టుకున్నారు. పెళ్లి పారాణి ఇంకా పోని పిల్లను కూడా తీసుకొచ్చి పెట్టించారు. మామ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎవరో టీవీ మీద గుడ్డ కప్పారు.

స్నానం చేయించాలి. దానికి ఇంటి ఆడవాళ్లు వీధి చివరి కుళాయి నుంచి నీళ్లు తేవాలి. ఇక్కడ కూడా మొదటి కుండ ఆడబిడ్డదే. ఎవరు తెస్తారని పెద్దవాళ్లు అడిగారు. అన్న లోపలికి పోయి ఒక కొత్త మట్టికుండ తెచ్చాడు. నేరుగా నా దగ్గరికి వచ్చి రెండు చేతులతో అందించాడు.

"కూతురు లేదు గదా అత్తకి. నువ్వే తేవాల చెల్లీ."

తీసుకున్నాను. వీధి చివరకు నడిచాను, కుళాయి విప్పాను, అంచు దాకా నింపాను. ముత్తైదువలే ఇద్దరు వంగి, పట్టి, నా నెత్తిన పెట్టారు. డప్పులు కొడుతున్నారు. అరుగుల మీద నిలబడినవాళ్లు నాకు దారి ఇచ్చి పక్కకు జరిగారు. నీళ్లతో కుండ బరువుగా ఉంది, కానీ మోయలేనంత బరువేమీ కాదు. దారి పొడుగునా నన్ను ఎవరూ ఆపలేదు.